స్పెయిన్ పోతున్నారా? సంచిలో సకినాలు పెట్టుకోండి

సెవిల్లాలో సాయంత్రం ఏడింటికి బాపుకు ఆకలైంది. మేమున్న హోటల్ పక్క సందులో వరసగా ఆరేడు రెస్టారెంట్లు, బయట కుర్చీల నిండా జనం, చేతుల్లో గ్లాసులు. లోపలికి పోయి అడిగితే ఒక్కచోటా భోజనం లేదు. "కొసీనా సెర్రాదా" అన్నాడు ఒకతను. వంటిల్లు మూశామని. మళ్లీ ఎనిమిదిన్నరకు తెరుస్తారట, అప్పుడు కూడా ముందుగా వచ్చేది మాలాంటి టూరిస్టులే, ఊరివాళ్లు తొమ్మిదిన్నరకు గానీ రారు. హన్మకొండలో ఏడున్నరకల్లా తిని, కాసేపు వార్తలు చూసి పడుకునే మనిషికి ఈ సంగతి ఎట్లా చెప్పాలో తెలియక నేను నిలబడి ఉంటే, అమ్మ బెంచీ మీద కూర్చుని సంచిలోంచి సకినాల డబ్బా తీసింది. ఎదురుగా సెవిల్లా పెద్ద చర్చి గంటల గోపురం గిరాల్దా, ఒళ్లో సకినాలు. ఆ రోజు బాపు పరువు, నా పరువు రెండూ ఆ డబ్బానే కాపాడింది.

పోయే ముందు నేను భాష గురించి తెగ టెన్షన్ పడ్డాను. తీరా పోయాక భాష పెద్ద ఇబ్బందే కాలేదు, మమ్మల్ని తిప్పలు పెట్టిందంతా టైమే. తినే టైము, షాపులు మూసే టైము, టికెట్ మీద రాసిన టైము. అందుకే ముందుగా దాని సంగతే చెప్తాను.

వాళ్ల గడియారం ఎట్లా నడుస్తుందంటే

మనకూ వాళ్లకూ తేడా ఎండాకాలంలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు. అదొక్కటే అయితే రెండు రోజుల్లో సర్దుకోవచ్చు. అసలు చిక్కు ఏంటంటే, మ్యాప్‌లో స్పెయిన్ బ్రిటన్‌కు సూటిగా కింద ఉన్నా గడియారం మాత్రం జర్మనీది పెట్టుకుంది. 1940లో నియంత ఫ్రాంకో పాలనలో ఒక గంట ముందుకు తిప్పారు, మళ్లీ వెనక్కి తిప్పలేదు. దాంతో ఎండాకాలంలో నడినెత్తిన సూర్యుడు రెండు దాటాకే వస్తాడు, జూన్ చివర్లో సెవిల్లాలో పొద్దు గూకేసరికి రాత్రి తొమ్మిదిన్నర దాటుతుంది. కాబట్టి మధ్యాహ్న భోజనం రెండు నుంచి మూడున్నర మధ్య. రాత్రి భోజనం తొమ్మిది తర్వాత. మధ్యలో నాలుగు నుంచి ఎనిమిదిన్నర దాకా చాలాచోట్ల పొయ్యి వెలగదు, కాఫీ, బ్రెడ్డు, చల్లటి చిరుతిళ్లు మాత్రం దొరుకుతాయి.

మీరేం చేయాలంటే, మధ్యాహ్నం భోజనాన్నే పెద్ద భోజనం చేసుకోండి. పనిరోజుల్లో చాలా రెస్టారెంట్ల బయట బోర్డు మీద "మెను దెల్ దియా" అని రాసి ఉంటుంది, అంటే మన మీల్స్ లాంటిది: మొదట ఒక వంటకం, తర్వాత ఇంకొకటి, బ్రెడ్డు, తాగడానికి ఏదో ఒకటి, చివర్లో తీపి లేదా కాఫీ. మామూలు చోట 12 నుంచి 18 యూరోల్లో అయిపోతుంది. అదే తిండి రాత్రి విడివిడిగా ఆర్డరిస్తే బిల్లు చూసి గుండె గుభేల్‌మంటుంది. రెండున్నరకు అది కడుపునిండా తిని, ఎండ తగ్గేదాకా రూముకు పోయి పడుకుని, ఆరింటికి బయటపడి, రాత్రికి ఏదైనా తేలిగ్గా తింటే పెద్దవాళ్లకు కూడా హాయిగా ఉంటుంది. ఇది మేం నాలుగో రోజుకు గానీ నేర్చుకోలేదు.

చిన్న ఊళ్లలో షాపులు కూడా రెండు నుంచి ఐదు దాకా మూస్తారు. ఆదివారం సూపర్ మార్కెట్లు చాలావరకు బంద్. శనివారం సాయంత్రమే పాలు, పండ్లు, నీళ్లు తెచ్చిపెట్టుకోండి. ఆగస్టులో ఊళ్లకు ఊళ్లే సెలవు మీద సముద్రం వైపు పోతాయి, మాడ్రిడ్‌లో కూడా మంచి రెస్టారెంట్లు కొన్ని షట్టర్ దించి ఉంటాయి. జులై, ఆగస్టుల్లో సెవిల్లా, కోర్దోబాల్లో ఎండ నలభై దాటడం మామూలే. రామగుండం ఎండలు చూసినవాళ్లకు అదేం లెక్క అనుకోవచ్చు కానీ, రామగుండంలో మే నెలలో మిట్టమధ్యాహ్నం మనం ఊరు చూడ్డానికి నడుచుకుంటూ తిరగం కదా. ఏప్రిల్, మే లేదా సెప్టెంబర్ చివర, అక్టోబర్ పెట్టుకోండి. మేం సెప్టెంబర్‌లో పోయాం, బతుకమ్మకు ఇంట్లో ఉండాలని అమ్మ ముందే షరతు పెట్టింది.

వీసా, విమానం

స్పెయిన్‌కు కావాల్సింది షెంగెన్ వీసా, అంటే యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఉండే ఒకటే వీసా. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, చివరికి పదిహేను రోజుల ముందైనా చేయాలి, కానీ పదిహేను రోజులని కాగితం మీదే ఉంటుంది, అపాయింట్‌మెంట్ దొరకడానికే వారాలు పడుతుంది. రెండున్నర, మూడు నెలల ముందు మొదలుపెట్టండి. 2024 జూన్ నుంచి పెద్దవాళ్లకు ఫీజు 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు 45, ఆరేళ్ల లోపు వాళ్లకు లేదు. వీసా సెంటర్ తీసుకునే సర్వీసు చార్జీ దీనికి అదనం. ట్రావెల్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు ఉండాలి. పాస్‌పోర్టు, మీరు తిరిగొచ్చే తేదీ తర్వాత ఇంకో మూడు నెలలు చెల్లాలి, రెండు పేజీలు ఖాళీగా ఉండాలి, పదేళ్ల లోపు ఇచ్చిందై ఉండాలి. పాస్‌పోర్టే లేకపోతే దానికి హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు, వరంగల్ హెడ్ పోస్టాఫీసులోనే సేవా కేంద్రం ఉంది. వీసాకు మాత్రం వేలిముద్రల కోసం హైదరాబాద్ పోవాల్సిందే, ఐదేళ్ల లోపు ఇంతకుముందు షెంగెన్‌కు వేలిముద్రలు ఇచ్చి ఉంటే సాధారణంగా మళ్లీ అడగరు.

ఫ్రాన్స్, ఇటలీ కూడా కలిపి తిరిగే ఆలోచన ఉంటే, ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే అప్లై చేయాలి. మాకు తెలిసిన ఒక ఏజెంట్ "ఏ దేశానిది తీసుకున్నా ఒకటే, తొందరగా వచ్చేది తీసుకుందాం" అన్నాడు. నమ్మకండి. హోటల్ బుకింగులు ఒక కథ చెప్పి, ఫారం ఇంకో కథ చెప్తే మొదట అనుమానం వచ్చేది మీ మీదే, ఏజెంట్ మీద కాదు.

పేరు విషయం జాగ్రత్త. మన ఇంటిపేర్లు పాస్‌పోర్టులో ఒకరికి ఒక గడిలో, ఇంకొకరికి ఇంకో గడిలో ఉంటాయి, కొందరికైతే ఇంటిపేరు గడి ఖాళీనే. స్పెయిన్ వాళ్లకు ఒక్కొక్కరికి రెండు ఇంటిపేర్లు, నాన్నది ఒకటి, అమ్మది ఒకటి. అందుకే వాళ్ల రైలు, మ్యూజియం సైట్లలో "ప్రిమేర్ అపెయీదో", "సెగుందో అపెయీదో" అని రెండు గడులు కనిపిస్తాయి. మొదటిదాంట్లో మీ ఇంటిపేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే కొట్టండి, రెండోది వదిలేయండి.

హైదరాబాద్ నుంచి స్పెయిన్‌కు నేరుగా విమానం లేదు, దుబాయ్, దోహా, అబుధాబి లాంటి చోట మారాలి. వరంగల్ నుంచి శంషాబాద్‌కు కారులో ఘట్‌కేసర్ దగ్గర అవుటర్ ఎక్కేస్తే సిటీ తగలదు, అయినా మూడు గంటలు పెట్టుకోండి. అక్కడ దిగాక ఇమిగ్రేషన్‌లో ఇంకో కొత్త ముచ్చట ఉంది: 2025 అక్టోబర్ 12 నుంచి యూరప్‌లో పాస్‌పోర్టు మీద ముద్రల బదులు వేలిముద్రలు, ఫొటో తీసుకునే పద్ధతి మొదలుపెట్టారు. మొదటిసారి పోయేవాళ్లకు కాస్త ఎక్కువసేపు పడుతుంది కాబట్టి, దిగిన గంటన్నరకే రైలు పట్టుకోవాలని ప్లాన్ చేయకండి.

టికెట్ మీద టైము అంటే టైమే

గ్రనాదాలో అల్‌హంబ్రా కోట చూడకుండా వస్తే స్పెయిన్ పోయినట్టే కాదని నా అభిప్రాయం. రామప్ప గుడి 1213 నాటిదని మనకు తెలుసు. దానికి పాతికేళ్ల తర్వాత, 1238లో, గ్రనాదా ఏలిన నస్రిద్ వంశపు ముస్లిం రాజులు ఈ కోట పనులు మొదలుపెట్టారు. ఇక్కడ కాకతీయులు ఏలుతున్నప్పుడే అక్కడ వీళ్ల రాజ్యం మొదలైందన్నమాట. పన్నెండు రాతి సింహాలు మోసే ఫౌంటెన్ ముందు నిలబడి బాపు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "మన రామప్ప రాయి నునుపు దీనికి రాదు" అన్నాడు. సరే, ఆ లెక్క ఎవరిది వాళ్లది.

ఇక్కడ టికెట్లు వారాల ముందే అయిపోతాయి. వీసా చేతికి రాగానే మొదట కొనాల్సింది ఇదే. టికెట్ మీద ప్రతి ఒక్కరి పేరు, పాస్‌పోర్టు నంబరు ఉంటాయి, లోపల చెక్ చేస్తారు, కాబట్టి పాస్‌పోర్టు వెంట ఉండాలి. టికెట్ మీద కనిపించే టైము కోట గేటుది కాదు, లోపలున్న నస్రిద్ ప్యాలెస్‌లదని గుర్తుపెట్టుకోండి. గేటు నుంచి అక్కడికి నడవడానికే పావుగంట పైన పడుతుంది, పెద్దవాళ్లతో అయితే అరగంట. ఆ టైము దాటితే లోపలికి పోనివ్వరు, బతిమాలితే పని జరగదు. మా ముందు ఒక జంట పది నిమిషాలు బతిమాలి చూసి వెనక్కి పోయింది.

బార్సిలోనాలో సగ్రాదా ఫమీలియాకు కూడా ఆన్‌లైన్‌లో ముందే కొనాలి. 1882లో మొదలుపెట్టిన చర్చి, ఇంకా కడుతూనే ఉన్నారు. దాన్ని ఈ రూపానికి తెచ్చిన గౌదీ 1926లో ట్రామ్ గుద్ది చనిపోయాడు. సాయంత్రం పూట పోతే పడమటి అద్దాల్లోంచి ఎరుపు, నారింజ వెలుగు లోపల నేలంతా పరుచుకుంటుంది, నేనైతే సాయంత్రం స్లాటే తీసుకోమంటాను. మాడ్రిడ్‌లో ప్రాదో మ్యూజియం చివరి రెండు గంటలు ఫ్రీ: సోమవారం నుంచి శనివారం దాకా ఆరు నుంచి ఎనిమిది, ఆదివారం ఐదు నుంచి ఏడు. క్యూ ఉంటుంది, ముప్పావుగంట ముందు పోండి. పికాసో గీసిన గెర్నికా బొమ్మ ఉన్నది దానికి కొంచెం దూరంలో రెయినా సోఫియా మ్యూజియంలో, దానికి మంగళవారం సెలవు.

రైళ్లు బ్రహ్మాండం. మాడ్రిడ్ నుంచి బార్సిలోనా ఆరొందల కిలోమీటర్లు రెండున్నర గంటల్లో. రెన్ఫే, ఉయిగో, ఇర్యో అని మూడు కంపెనీలవి నడుస్తాయి, మూడింటి ధరలూ చూసి ముందే కొంటే చవక. కానీ స్టేషన్‌లో సామాన్లు స్కాన్ చేస్తారు, ప్లాట్‌ఫాం నంబరు చివర్లో గానీ వేయరు, బయల్దేరడానికి రెండు నిమిషాల ముందే గేటు మూసేస్తారు. కాజీపేటలో కదిలే రైలు ఎక్కిన అనుభవం అక్కడ పనికి రాదు.

తిండి: హమోన్ మాంసం కాదట

మీరు శాకాహారులైతే ఇది రెండుసార్లు చదవండి. "సిన్ కార్నే", అంటే మాంసం లేకుండా, అని చెప్తే సరిపోదు. చాలామంది లెక్కలో హమోన్, అంటే ఉప్పులో ఎండబెట్టిన పంది తొడ, మామూలు మాంసం కిందకు రాదు, పైన రుచికి చల్లే వస్తువు. పప్పులో కూడా చొరీథో అనే సాసేజ్ ముక్కలు ఉంటాయి. ఏమీ తేడా కనిపించని సలాడ్‌లో ట్యూనా చేప ఉంటుంది. కాబట్టి వరసగా చెప్పాలి: "నో కొమో కార్నే, ని పెస్కాదో, ని హమోన్". మాంసం, చేప, హమోన్ తిననని. గుడ్డు కూడా వద్దంటే చివర్లో "ని వేవో" కలపండి.

ధైర్యంగా అడగగలిగినవి: టమాటా రుద్దిన బ్రెడ్డు "పాన్ కోన్ తొమాతే", చల్లటి టమాటా సూపు గథ్‌పాచో, వేయించిన పచ్చిమిరపకాయలు "పిమియెంతోస్ దే పద్రోన్", సెవిల్లాలో పాలకూర శనగల కూర "ఎస్పినాకాస్ కోన్ గర్బాన్సోస్". ఈ చివరిదాంట్లో జీలకర్ర వాసన వస్తుంది, అన్నం ఒక్కటి పక్కన ఉంటే చాలు మన ఇల్లే. గుడ్డు తినేవాళ్లకు ఆలుగడ్డ అట్టు "తోర్తీయా" ఎక్కడైనా దొరుకుతుంది. "పతాతాస్ బ్రావాస్" కారంగా ఉంటుందని చెప్తారు, అది వాళ్ల కారం, మన ఇంట్లో పసిపిల్లలకు పెట్టొచ్చు.

మాంసం తింటారు కానీ పంది, గొడ్డు వద్దు అనుకునేవాళ్లు ఈ మూడు మాటలు నేర్చుకోండి: పంది "థెర్దో", గొడ్డు "తెర్నేరా", కోడి "పోయో". ఆదివారం పూట వీధుల్లో "పోయోస్ అసాదోస్" బోర్డు ముందు క్యూ కనిపిస్తే మీరూ నిలబడండి. తిరిగే కమ్ముల మీద కాల్చిన కోడి, సగం అయినా ఇస్తారు. ఆదివారం కోడి కోసం జనం లైన్‌లో నిలబడటం చూసి మా అమ్మకు మొదటిసారి ఆ దేశం మీద నమ్మకం కుదిరింది.

నీళ్లు కొనుక్కోనక్కర్లేదు. కుళాయి నీళ్లు తాగొచ్చు, 2022 చట్టం ప్రకారం హోటళ్లు అడిగితే ఫ్రీగా ఇవ్వాలి కూడా. "అగ్వా దెల్ గ్రీఫో" అనండి, ఉత్త "అగ్వా" అంటే సీసా తెచ్చి బిల్లు వేస్తారు. బిల్లు మీరు అడిగేదాకా తేరు, గంట కూర్చున్నా తేరు, అది నిర్లక్ష్యం కాదు, లేవమని చెప్పినట్టవుతుందని వాళ్ల మర్యాద. "లా క్వెంతా, పోర్ ఫబోర్" అంటే చాలు. టిప్పు ఇష్టముంటే చిల్లర వదలండి, లేకపోతే లేదు.

వారం పైన ఉండేట్టయితే వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి. మనం వండుకునే తిండి వల్ల డబ్బు మిగలడం సంగతి అటుంచి, పెద్దవాళ్ల కడుపు ప్రశాంతంగా ఉంటుంది. బియ్యం ఏ సూపర్ మార్కెట్‌లోనైనా దొరుకుతాయి, మన మసాలాలు కావాలంటే మాడ్రిడ్‌లో లావాపియెస్, బార్సిలోనాలో రావాల్ ప్రాంతాల్లో మన ఉపఖండం వాళ్ల దుకాణాలు ఉన్నాయి. పెరుగు కొనేటప్పుడు డబ్బా మీద "నాతురాల్" ఒక్కటే చూసి కొనకండి, పక్కన "అథుకరాదో" అని ఉంటే చక్కెర కలిపిందని. మేం మొదటిరోజు పెరుగన్నం అని కలుపుకున్నది పాయసమైంది. ఇంకో సంగతి, అక్కడి పొయ్యిలు చాలావరకు అద్దం పలకలవి, టచ్‌తో నడుస్తాయి, పిల్లలు ముట్టకుండా లాక్ ఉంటుంది. తాళం బొమ్మ మీద మూడు నాలుగు సెకన్లు వేలు నొక్కి పెడితే తెరుచుకుంటుంది. ఆ ఒక్క ముక్క తెలియక రాత్రి పదకొండింటిదాకా పొయ్యి చుట్టూ తిరిగాం.

ఇంటినుంచి ఏం తీసుకుపోవచ్చు? సకినాలు, గారెప్పలు, కారప్పొడులు, చాయ్‌పత్తా పర్వాలేదు. మాంసం, పాలతో చేసినవి యూరప్‌లోకి రానివ్వరు, అంటే మటన్ పచ్చడి, నెయ్యి, కోవా ఇంట్లోనే. పచ్చి కరివేపాకు కూడా వద్దు. మామిడికాయ పచ్చడి నూనె కారకుండా గట్టిగా కట్టి చెక్-ఇన్ పెట్టెలో వేయండి. హోటల్ రూముల్లో కెటిల్ ఉండటం అరుదు, చిన్నది వెంట తీసుకోండి. మన రెండు గుండ్రటి పిన్నుల ప్లగ్ అక్కడ సరిపోతుంది, మూడు పిన్నులదానికి మాత్రం అడాప్టర్ కావాలి.

భాష: తెలుగులో రాసుకోండి

ఇంగ్లిష్ అక్షరాల్లో చూసి పలికితే స్పానిష్ తప్పుతుంది, తెలుగులో రాసుకుంటే చక్కగా వస్తుంది. మనలాగే వాళ్ల మాటలు ఎక్కువ అచ్చులతో ముగుస్తాయి. త, ద మనవే, ఇంగ్లిష్‌లోలాగా ట, డ కాదు. జె అక్షరం చూస్తే హ అనండి, హెచ్ చూస్తే మింగేయండి, రెండు ఎల్‌లు చూస్తే య, వి చూస్తే బ. ఇంతే. సెవిల్లా అని మనం రాసేదాన్ని వాళ్లు "సెబీయా" అంటారు. మా అమ్మకు ఒక చీటీ మీద పన్నెండు మాటలు తెలుగులో రాసిచ్చాను, మూడో రోజుకు లిఫ్టులో ఎక్కినవాళ్లకల్లా "బ్వెనోస్ దియాస్" చెప్తోంది. షాపులోకి పోగానే ముందు "ఓలా" చెప్పాలి, చెప్పకుండా సరుకు పట్టుకుంటే మొహం మాడ్చుకుంటారు. బార్సిలోనాలో బోర్డులు ముందు ఆ ప్రాంతపు భాష కాతలాన్‌లో ఉంటాయి, బయటికి దారి మాడ్రిడ్‌లో "సలీదా" అయితే అక్కడ "సోర్తీదా".

బాత్‌రూంలో కుళాయి మీద సీ అని ఉంటే చల్లనీళ్లు కాదు. "కాలియెంతే", అంటే వేడి. ఎఫ్ అని ఉన్నది చల్లది. పాపకు స్నానం చేయించే ముందు నేను ఈ పాఠం నా చేతి మీదే నేర్చుకున్నాను. అంకెల్లో కూడా చుక్క, కామా తారుమారు: 3,50 అంటే మూడున్నర యూరోలు, 1.500 అంటే పదిహేను వందలు.

జేబు

దొమ్మీలు, దోపిడీలు తక్కువే, రాత్రి పన్నెండింటికి కూడా పిల్లలు కూడళ్లలో ఆడుతుంటారు. కానీ జేబుదొంగలు మాత్రం చేయి తిరిగినవాళ్లు, ముఖ్యంగా బార్సిలోనా మెట్రో, లా రాంబ్లా వీధిలో. మెట్రో తలుపు దగ్గర నలుగురు అమాంతం తోసుకొచ్చి, మరుక్షణం దిగిపోయారు. బాపు నడుము సంచి జిప్పు తెరిచి ఉంది. పోయింది ఏంటయ్యా అంటే బీపీ మాత్రల పౌచ్, పర్సనుకుని ఉంటారు. మాత్రలు రెండుచోట్ల పెట్టాలని మా ఆవిడ ముందే పట్టుబట్టింది కాబట్టి సరిపోయింది. మీరు కూడా మందులు సగం సగం చేసి వేర్వేరు సంచుల్లో పెట్టండి, డాక్టర్ చీటీలో మందు కంపెనీ పేరే కాకుండా అసలు మందు పేరు కూడా రాయించుకోండి, మన బ్రాండ్ పేర్లు అక్కడి "ఫర్మాసియా"లో ఎవరికీ తెలియవు. వాటిని ఆకుపచ్చ ప్లస్ గుర్తుతో గుర్తుపట్టొచ్చు. గ్రనాదాలో ఎవరైనా నవ్వుతూ చేతిలో ఆకుల కొమ్మ పెట్టబోతే చేతులు వెనక్కి తీసుకోండి, తీసుకున్నాక డబ్బులడుగుతారు.

పాస్‌పోర్టు పోతే ముందు పోలీసు స్టేషన్‌లో "దెనూన్సియా", అంటే ఫిర్యాదు, రాయించుకోవాలి, తర్వాత మాడ్రిడ్‌లో భారత రాయబార కార్యాలయం. ఏ అత్యవసరానికైనా 112. కార్డు దాదాపు అన్నిచోట్లా నడుస్తుంది. మిషన్ "రూపాయల్లోనా, యూరోల్లోనా" అని అడిగితే ఎప్పుడూ యూరోలే నొక్కండి, రూపాయలు నొక్కితే రేటు వాళ్లిష్టం. బార్సిలోనాలో పది ప్రయాణాల టి-కజువల్ కార్డు ఒక మనిషికే, ఇంటిల్లిపాదీ ఒకే కార్డు మీద పోలేరు, ఎయిర్‌పోర్టు మెట్రోకు అది చెల్లదు కూడా. కుటుంబానికి ఎనిమిది ప్రయాణాల టి-ఫమిలియార్ తీసుకోండి.

తిరిగొచ్చేటప్పుడు షాపింగ్ మీద కట్టిన పన్ను కొంత వెనక్కి వస్తుంది, కనీసం ఇంత కొనాలనే రూలు 2018లోనే తీసేశారు. కొన్నచోటే పాస్‌పోర్టు చూపించి "దివా" ఫారం అడగండి, ఎయిర్‌పోర్టులో పెట్టె అప్పగించే ముందే దివా మిషన్‌లో స్కాన్ చేయండి. మేం ముందు పెట్టెలు అప్పగించి తర్వాత మిషన్ వెతికాం. మాది మిషన్‌లోనే ఓకే అయింది, పక్కాయనకు సామాను చూపించమని వచ్చింది, ఆయన సామానేమో అప్పటికే బెల్టు మీద పోయింది.